భయానక చలచిత్రమునకు నాందీఘట్టము : విద్యార్థులకొక పాఠము



మన పాణ్యమునకు దక్షిణమున బనగానపల్లె యను పట్టణము గలదు. 1948వ సంవత్సరమున భారతదేశమున విలీనమగువరకును అది నవాబుల యేలుబడిలో నుండిన చిన్న సంస్థానము. ఆ యూరి చేరువ నవాబుల కాలపు బంగళా యొకటి నిలిచియున్నది. మీలో ననేకులు దానిని చూచియే యుందురు. అయినను దానిని 'నవాబు బంగళా' యని పిలుచువా రిపుడు తక్కువ. 'అరుంధతి బంగళా' యన్నచో పసిబిడ్డ సయితము దారి చూపును. ఈ పేరెట్లు వచ్చెను? 2009వ సంవత్సరము జనవరిలో 'అరుంధతి' యను తెలుగు చలచిత్రము విడుదలయ్యెను. కోడి రామకృష్ణగారు దానికి దర్శకులు, శ్యాంప్రసాదరెడ్డిగారు నిర్మాత, అనుష్క నాయిక. అందలి పాడుబడిన కోటగా మన బనగానపల్లె బంగళా కనబడినది. చిత్రమునందలి కథ గద్వాల సంస్థానమున జరిగినట్లు చెప్పబడినను, జనుల మనస్సున నిలిచినది మన సీమలోని కట్టడమే.

ఇందుండి మనము రెండు సంగతులు గ్రహింపవలెను. చలచిత్రమందలి స్థలము పటములోని స్థలము కాదు, కెమెరా కల్పించిన స్థలము; ఇది మొదటిది. రెండవది దీనికంటె గొప్పది. ఒక చలచిత్రము తరతరములుగా నిలిచిన యింటి పేరునే మార్చివేయగలదు. ఇంటి పేరును మార్చగలిగినది మనుష్యుని పేరును మార్చలేదా? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొనుడు. పాఠము తుదిని దీనికి మరలివత్తము.

ఇప్పుడు సెల్‌ఫోను కలిగిన ప్రతి విద్యార్థియు చలచిత్రము తీయవచ్చును. పై తరగతుల బాలురును బాలికలును కూడి భయానక చిత్రము తీయ నుత్సహించుట సహజమే. అయితే వారు తొలుత వెదకునది తెల్లచీర, విరబోసిన జుట్టు, ఎఱ్ఱని దీపము. నాందీఘట్టము, అనగా చిత్రపు మొదటి రెండు మూడు నిమిషములు, ఎట్లు నడువవలెనో వారాలోచింపరు. ప్రేక్షకుడు నమ్ముటయు నవ్వుటయు ఆ రెండు మూడు నిమిషములలోనే తేలిపోవును. కావున దానిని ముందుగా కాగితముమీద సిద్ధపరచుకొను విధము నిచట వివరించెదము.

౧. భయమెట్లు పుట్టును?

భరతముని నాట్యశాస్త్రమున నెనిమిది రసములను జెప్పెను. వానిలో భయానకమునకు స్థాయిభావము భయము, వర్ణము నలుపు. వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కల గుడ్లగూబల కూతలు, శూన్యగృహము, అరణ్యము మున్నగునవి దానికి విభావములు, అనగా కారణములు. కాలుసేతులు వణకుట, కన్నులు బెదరుట, గగుర్పొడుచుట, మొగము వెలవెలబోవుట, గొంతు మారుట మున్నగునవి భయమును వెలికి దెలుపు చిహ్నములు.

మన విద్యార్థుల చిత్రములందు కారణములు మెండు, చిహ్నములు సున్న. శ్మశానము, గబ్బిలము, ఉరుము అన్నియు నుండును. వానిని చూచిన మనుష్యుని మొగము మాత్ర ముండదు. తెరమీది మనుష్యుడు బెదరినగాని యెదుట గూర్చున్నవాడు బెదరడు. ఒక బాలుని చేతిలోని చీపురు నేలమీద కదలక నిలిచిపోయినచో, అది పది పుఱ్ఱెలకంటె నెక్కువ పని చేయును.

౨. నాందీఘట్టము చేయవలసిన మూడు పనులు

మొదటిది క్రమము. నిత్యజీవితము యథాప్రకారముగ నడుచుచుండుటను చూపవలెను. రెండవది భంగము. ఆ క్రమమున నొక్కటి, ఒక్కటే, తప్పవలెను. మూడవది ప్రశ్న. తరువాత నేమగునో యను ప్రశ్న ప్రేక్షకునికి మిగులవలెను, జవాబు మిగులరాదు.

ప్రసిద్ధ చిత్రములను పరిశీలించినచో ఈ సూత్రము తేటపడును. 1920వ సంవత్సరపు జర్మను చిత్రము 'డాక్టరు కాలిగరి' తోటలో కూర్చున్న యిరువురి సంభాషణతో మొదలగును. వారిలో నొకడు తన కథ చెప్పసాగును. దయ్యము లేదు, ఉరుము లేదు. 1949లో కమాల్ అమ్రోహీ తీసిన హిందీ చిత్రము 'మహల్' గాలివాన రాత్రి పాడుబడిన మేడకు క్రొత్త యజమాని వచ్చుటతో నారంభమగును. తోటమాలి ఆ యింటి పూర్వకథ చెప్పును. ఇంటిలోని పటము తన పోలికగా నుండుట చూచి యజమాని నివ్వెరపోవును. ఆ ఘట్టమున కంతకును భంగము పటమొక్కటియే.

హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' పట్టపగలు మొదలగును. ఫీనిక్సు నగరపు మేడలమీదుగా చూపు సాగును. తెరపై వారము, తేదీ, 2 గంటల 43 నిమిషములను వేళయు కనబడును. పిదప కెమెరా ఒక కిటికీలో జొరబడును. వేళ నంత ఖచ్చితముగ చెప్పుటచే, ఇది నిజముగా జరిగెనని ప్రేక్షకుడు తనకు తెలియకయే నమ్మును. 1975నాటి 'జాస్' అను చిత్రమున మొదటి ఘట్టమందు సముద్రములో నీదుచున్న యువతిని సొరచేప పట్టును. చేప మాత్రము కనబడదు, నీరే కనబడును. చిత్రీకరణకై చేసిన యంత్రపు చేప మాటిమాటికి చెడిపోవుటచే దర్శకుడు స్పీల్‌బర్గు దానిని చాలవఱకు దాచి తీయవలసివచ్చెను. ఆ లోపమే చిత్రమునకు బలమయ్యెను. చేతిలో సొమ్ములేని విద్యార్థులు ఈ సంగతిని మరువరాదు.

౩. స్థలనిర్ణయము

మన ప్రాంతమున ఆకర్షించు తావులు కొల్లలు. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందేరు లోయ. భూగర్భశాస్త్రజ్ఞులు పాణ్యము పేరనే యొక రాతిపొరకు నామకరణము చేసిరి. కొలిమిగుండ్ల చెంతనున్న బేలం గుహలు 3,229 మీటర్ల పొడవు గలవి. ఇట్టి తావులను చూచి మీరు ముగ్ధులగుట వింతకాదు. కాని గుహను చూపగానే ప్రేక్షకుడు భయమున కాయత్తమై కూర్చుండును. ఆయత్తమైనవానిని బెదరించుట కష్టము. తాను ప్రతిదినము కూర్చుండు బల్లమీద అదే సంగతి జరిగినచో, మరునాడు బడికి వచ్చినప్పుడు సయితము వాడు ఆ బల్లవంక నొకమారు చూచును. కావున మన యుదాహరణమునకు తరగతిగదినే యెన్నుకొందము.

౪. ఒక్క వాక్యములో కథ

షాటులు వ్రాయుటకు ముందు కథనొక్క వాక్యమున వ్రాయుడు. వ్రాయలేనిచో కథ యింకను సిద్ధము కాలేదని యర్థము. మన యుదాహరణము: “సాయంకాలము తరగతిగదిలో ఇద్దరు బాలురు పరిహాసమునకు హాజరు పిలుచుచుండగా, పట్టీనుండి కొట్టివేయబడిన పేరునకు వరండానుండి జవాబు వచ్చినది.”

ఇందు క్రమమేది? హాజరు పిలుచుట, బడికి పోయిన ప్రతివాడును దాని నెరుగును. భంగమేది? రాగూడని జవాబు. ప్రశ్న యేది? పలికినవా డెవడు, వాని పేరేల కొట్టివేయబడినది? హాజరు సెల్‌ఫోనులందు నమోదగు బడులలో, పాతపట్టీ బీరువానుండి బయటపడినట్లు చూపవచ్చును.

౫. షాటుల పట్టిక

మొత్తము రెండు నిమిషములు, అనగా 120 సెకనులు. పండ్రెండు షాటులు చాలును.

1. బడి ముంగిలి, సాయంకాలపు టెండ. పిల్లలు గోలగా వెడలిపోవుచున్నారు. 12 సెకనులు.
2. తరగతిగది. ఒక బాలుడు ఊడ్చుచున్నాడు, రెండవవాడు కిటికీలు మూయుచున్నాడు. 14 సెకనులు.
3. బల్లమీద హాజరుపట్టీ. ఒక చేయి దానిని తెరచును. 6 సెకనులు.
4. రెండవవాడు ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చుండి, వారి గొంతు ననుకరించుచు పేర్లు పిలుచును. ఊడ్చువాడు ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క గొంతుతో “ప్రెజెంట్ సార్” అనును. ఇరువురును నవ్వుదురు. 20 సెకనులు.
5. పట్టీ. వ్రేలు పేర్లమీదుగా దిగివచ్చి, ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన వరుసవద్ద నిలుచును. వ్రేలు పేరును కప్పియుండును. 8 సెకనులు.
6. చదువువాని మొగము. నవ్వు సగమైనది. వాడా పేరును పలుకుచుండగనే దూరమున రైలుకూత వినబడును. పేరు మనకు వినబడదు. 6 సెకనులు.
7. ఊడ్చువాడు. చీపురు నిలిచినది. “వాడు బడి మానేసినాడు కదరా!” అనును. 8 సెకనులు.
8. వెనుక వరుసలో ఖాళీ బల్ల. రైలుచప్పుడు అణగిపోవును. నిశ్శబ్దము. 10 సెకనులు.
9. బాలురిరువురి మొగములు. వరండానుండి మెల్లని గొంతు: “ప్రెజెంట్ సార్.” 8 సెకనులు.
10. వాకిలి. గడపమీద సందెవెలుగు మాత్రమే, ఎవ్వరును లేరు. 10 సెకనులు.
11. పట్టీ. కొట్టివేసిన వరుసలో, నాటి తేదీ గడిలో, తడియారని హాజరుగుర్తు. 6 సెకనులు.
12. చీకటి. గంట ఒక్కమారు మ్రోగును. చిత్రము పేరు. 12 సెకనులు.

పట్టికను పరిశీలింపుడు. అయిదవ షాటు ముగియుసరికి సరిగా నొక నిమిషము గడచినది. మొదటి నిమిషమంతయు క్రమమే. భంగము రెండవ నిమిషమునగాని రాదు. నాలుగవ షాటునకు 20 సెకనులిచ్చుటయు బుద్ధిపూర్వకమే. నవ్వినవాడు జాగ్రత్త విడుచును. జాగ్రత్త విడిచినవానినే భయము సులభముగ పట్టుకొనును. పలికినవానిని చూపకుండుట సొమ్ము లేకపోవుటచే గాదు. చూపినంతనే వాడు మీ సహపాఠి యగును. చూపనంతసేపు వాడెవడైనను గావచ్చును.

షాటులు కూర్చునప్పుడు ఇరువురు బాలుర నడుమ ఒక గీత నూహించుకొనుడు. కెమెరా ఆ గీతకు ఎల్లప్పుడు నొక్క ప్రక్కనే యుండవలెను. దాటినచో ఎదురెదురుగ చూచుకొనువారు ఒకే దిక్కునకు చూచుచున్నట్లు కనబడి ప్రేక్షకుడు తికమకపడును. భయము వేరు, తికమక వేరు.

౬. వెలుతురు, ధ్వని

సెల్‌ఫోను కెమెరా వెలుతురును తనంతట తానే సరిచేయును. చీకటిగదిని చూపగానే చీకటిని పోగొట్టి గదిని బూడిదవన్నెగ మార్చును. కావున షాటునకు ముందు వెలుతురును, ఫోకసును స్థిరపరచుకొనుడు. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు కలది. సెకనునకు 25 చిత్రముల చొప్పున, షట్టరును సెకనులో 50వ వంతునకు అమర్చి తీసినచో గొట్టపు దీపముల మిణుకు చిత్రమున పడదు.

మన సీమలో ప్రొద్దుక్రుంకిన పిదప పనికివచ్చు సందెవెలుగు సుమా రిరువది నిమిషములే యుండును. ఆ వ్యవధిలో పండ్రెండు షాటులు తీయుట యసాధ్యము. కావున ఎనిమిదవ, పదవ షాటులను మాత్రము సందెకై యుంచి, తక్కిన గదిలోపలి షాటులను పగలు కిటికీలకు ముదురురంగు దుప్పట్లు కట్టి తీసికొనుడు.

ధ్వనిని తక్కువగ నెంచరాదు. 1942నాటి 'క్యాట్ పీపుల్' అను చిత్రమున ఒక స్త్రీ రాత్రివేళ గోడ ప్రక్కగా నడచుచుండును. వెనుక అడుగులచప్పుడు వినబడి, హఠాత్తుగ నాగిపోవును. ఆమె పరుగిడును. ఏమగునోయని ప్రేక్షకుడు బిగపట్టుకొనియుండగా, బుస్సుమని చప్పుడు చేయుచు బస్సొకటి వచ్చి నిలుచును. అచట ముందు పనిచేసినది నిశ్శబ్దము, చప్పుడు దాని వెనుక వచ్చినది. మన చిత్రమునను ఎనిమిదవ షాటునందలి నిశ్శబ్దమే ప్రధానము. నిశ్శబ్దమనగా ధ్వనిని తీసివేయుట కాదు. ఎవ్వరును మాటలాడక నిలిచియుండగా ఆ గది సద్దును ఒక నిమిషము రికార్డు చేసి, దానిని వాడవలెను. లేనిచో ఫోను చెడిపోయెనని ప్రేక్షకుడు తలచును. మాటలకై రెండవ ఫోనును నటుల దగ్గర దాచి, ప్రతి షాటునకు ముందు చప్పట్లు కొట్టుడు. ఆ చప్పట్ల గుర్తుననుసరించి ధ్వనిని చిత్రముతో జతపరుపవచ్చును.

౭. చేయరాని పనులు

రైలుకూతను దూరమున వీథినుండి రికార్డు చేయుడు. పట్టాలపైకి పోరాదు. 1989నాటి రైల్వే చట్టము 147వ విభాగము ననుసరించి అది నేరము; ప్రాణమునకును ముప్పు. పాడుబడిన మేడలు, గట్టులేని బావులు, రాళ్లగుట్టలు సందెవేళ పాములకును ప్రమాదములకును నెలవులు. గదిలో తీయుటకైనను ప్రధానోపాధ్యాయుల యనుమతి ముందుగా పొందవలెను. పిల్లల కిండ్లవద్ద చెప్పిరావలెను.

ఇక పాఠారంభమున విడిచిన ప్రశ్నకు మరలివత్తము. ఇంటి పేరును మార్చగలిగిన చిత్రము మనుష్యుని పేరును మార్చలేదా? మార్చగలదు. చేతబడి చేసిరను నెపమున వృద్ధులను, ఒంటరి స్త్రీలను కొట్టి చంపిన దుర్ఘటనలు తెలుగునాట పలుమారులు పత్రికల కెక్కినవి. ఊరి చివర నొంటిగ నున్న ముసలమ్మను, మతి చలించినవానిని, కుంటివానిని దయ్యముగ చూపుట మీకు రెండు నిమిషముల వినోదము. వారికి మాత్ర మది మాయని మచ్చ. ఒకరి యింటిని చూపి 'ఇచట దయ్యము గలదు' అన్నచో ఆ యింటివారు పడు కష్టము నూహింపుడు. 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అను అమెరికను చిత్రము, మువ్వురు విద్యార్థులు అడవిలో మాయమైరనియు, ఏడాదికి వారు తీసిన చిత్రము దొరికెననియు తెరపై వ్రాతతో ప్రారంభమగును. అంతయు కల్పితమే. అయినను దానిని నిజమని నమ్మినవా రనేకులు. పరదేశపు టడవిని గురించిన కల్పన యట్లు నమ్మబడినచో, పొరుగు వీథిని గురించిన కల్పన యెంత త్వరగా నమ్మబడునో చెప్పనక్కరలేదు.

అందుచేతనే మన యుదాహరణమున పేరు వినబడకుండ రైలుకూత నుంచితిమి, వ్రేలితో పేరును కప్పితిమి. నిజమైన విద్యార్థి పేరు ఏదియు దానికి తగులరాదు.

౮. ఆ కొట్టివేసిన పేరెవరిది?

నాందీఘట్టము వాగ్దానమువంటిది. అడిగిన ప్రశ్నకు తుదిని ప్రేక్షకునికి తగిన యుత్తరము దొరకవలెను. మన కథకు ఉత్తరమేమి? చచ్చిన బాలుడని చెప్పుట తేలిక. దానికంటె దిటవైన యుత్తర మొకటి గలదు. మన కర్నూలు సీమ పడమటి భాగమునుండి ప్రతియేట ననేక కుటుంబములు మిరపకోతలకు, ప్రత్తిపనులకు గుంటూరు వైపునకు వలసపోవును. తలిదండ్రులతో పిల్లలును పోవుదురు. కొన్నాళ్లు పట్టీలో గైరుహాజరు గుర్తులు పడును. పిదప పేరే కొట్టివేయబడును. వాడు మరలివచ్చి వరండాలో నిలుచుండి, లోపలికి రావచ్చునో రాగూడదో తెలియక, తన పేరు విని మెల్లగా పలికెననుకొందము. బాలురు బెదరినది దయ్యమునకు గాదు, తాము మరచిన స్నేహితునికి.

అప్పుడు చిత్రము చూచినవాడు నవ్వియు, బెదరియు, తుదకు తన తరగతిలోని ఖాళీ బల్లను తలచుకొనును. భయానకము కరుణమున ముగియును. సెల్‌ఫోనుతో తీసిన చిన్న చిత్రమునకు ఇంతకంటె ప్రయోజన మేమి కావలెను?

అభ్యాసము

1. మీరు చూచిన యొక చిత్రపు మొదటి రెండు నిమిషములలో క్రమము, భంగము, ప్రశ్న అనువానిని గుర్తించి వ్రాయుడు.
2. పై పట్టికలో తొమ్మిదవ, పదవ షాటులను తారుమారు చేసినచో భయము పెరుగునా, తగ్గునా? కారణము చెప్పుడు.
3. మీ యింటి వంటగదిని స్థలముగ నెన్నుకొని, దయ్యమును చూపకుండ, ఎనిమిది షాటులలో 90 సెకనుల నాందీఘట్టము వ్రాయుడు. సెకనులను కూడి సరిచూడుడు.
4. మీ తరగతి పట్టీలో ఈ యేడు కొట్టివేయబడిన పేరున్నచో, ఆ విద్యార్థి యిపు డెచట నున్నాడో విచారింపుడు. ఈ ప్రశ్నకు సమాధానము కాగితముమీద వ్రాయ నక్కరలేదు. వానిని బడికి తోడ్కొని వచ్చినచో చాలును.